చదువులో నాలుగు పాళ్ళు - అందులో యంత్రం వాటా ఎంత?

మా ఊరి తెలుగు సంఘం ఉగాది పండగనాడు భోజనాల వరసలో నిలబడి ఉండగా, ముందున్న మిత్రుడు ఒకాయన వెనక్కి తిరిగి అడిగాడు. "మాస్టారూ, ఎంఐటీ పాఠాలు ఇంటర్‌నెట్‌లో ఊరికే దొరుకుతున్నాయి. హోంవర్కు చేసిపెట్టడానికి ఛాట్‌జీపీటీ ఉంది. మరి మా అమ్మాయి చదువుకి ఏడాదికి 40 వేల డాలర్లు నేను దేనికి కడుతున్నట్టు?"

ఆయన సాఫ్ట్‌వేర్‌లో పాతికేళ్ళు పనిచేసిన మనిషి. వేళాకోళానికి అన్న మాట కాదు. చేతిలో ప్లేటు, వెనకాల ఆకలి మీదున్న జనం. "తరవాత మాట్లాడుకుందాం" అని పులిహోర వైపు కదిలాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అలాంటి ఫీజుల్లోంచే కదా నా జీతం వచ్చేది!

నేను అమెరికా నడిమి రాష్ట్రాలలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్ళకి పైగా ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పాఠాలు చెబుతున్నాను. సుద్దముక్కతో మొదలుపెట్టాను. ఆ తరవాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్, పవర్‌పాయింట్, క్లికర్లు, వీడియోలు, జూమ్, ఇప్పుడు కృత్రిమ మేధ - వచ్చిన ప్రతి యంత్రమూ నా తరగతి గదిలో అడుగుపెట్టింది. కొన్ని నిలిచాయి, కొన్ని బీరువాలో దుమ్ము కొట్టుకుంటున్నాయి. ఏది ఎందుకు నిలిచింది, ఏ యంత్రం చదువులో ఏ భాగాన్ని ముట్టుకుంది అన్నది నాకు తెలిసినంతలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పెద్దలు చదువుని నాలుగు పాళ్ళు చేశారు. ఒక పాలు గురువు నుంచి, ఒక పాలు సొంత బుర్రతో, ఒక పాలు తోటి విద్యార్థులతో, మిగిలిన పాలు కాలం గడిచేకొద్దీ అబ్బుతుందన్నారు. ఈ అర్థం వచ్చే సంస్కృత శ్లోకం మీలో చాలామంది వినే ఉంటారు. విశ్వవిద్యాలయాలలో టెక్నాలజీ చేసిన, చెయ్యలేకపోయిన పనులని లెక్క వెయ్యడానికి ఇంతకన్నా మంచి కొలమానం నాకు దొరకలేదు. అందుకని ఆ నాలుగు పాళ్ళూ వరసగా చూద్దాం.

గురువు పాలు

ఇంగ్లీషులో లెక్చర్ అనే మాటకి లాటిన్ మూలంలో ఉన్న అర్థం "చదవడం". అచ్చుయంత్రం రాకముందు ఐరోపాలో పుస్తకం చాలా ఖరీదైన వస్తువు. గురువు పుస్తకాన్ని పైకి చదివేవాడు, శిష్యులు వినేవారు, రాసుకునేవారు. 1450 ప్రాంతంలో గుటెన్‌బర్గ్ అచ్చుయంత్రం వచ్చాక ఈ అవసరం తీరిపోవాలి. తీరలేదు. 1980లలో కోస్తా జిల్లాలో నేను చదివిన ఇంజనీరింగు కాలేజీలో కూడా మాస్టారు పసుపుపచ్చబడ్డ నోట్సు చూసి చెబుతుంటే మేము రాసుకునేవాళ్ళం. ఆయన నోట్సులోంచి మా నోట్సులోకి, అక్కడినుంచి పరీక్ష పేపరులోకి విషయం ప్రవహించేది. మధ్యలో ఎవరి బుర్రా తడిసేది కాదు!

ఈ చేరవేత పనిని యంత్రానికి అప్పజెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. బ్రిటన్‌లో 1969లో పుట్టిన ఓపెన్ యూనివర్సిటీ 1971 నుంచి పోస్టులో పుస్తకాలు, బీబీసీ రేడియో, టీవీల మీద పాఠాలు పంపింది. మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే 1982లో పుట్టింది. అదే ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. యూజీసీ వారి పాఠాలు 1984 ఆగస్టు 15 నుంచి దూరదర్శన్‌లో వచ్చేవి. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి, కాలేజీ అందుబాటులో లేని ఊళ్ళవాళ్ళకి ఇవి చేసిన మేలు తక్కువది కాదు.

నా సొంత అనుభవం మాత్రం కాస్త తలవంపుగానే ఉంటుంది. 2000 ప్రాంతంలో నేను సుద్దముక్క వదిలి పవర్‌పాయింటుకి మారాను. సుద్దతో గంటకి నాలుగు బోర్డులు నింపేవాణ్ణి. పవర్‌పాయింటుతో గంటకి 40 స్లైడులు. రెట్టింపు పాఠం చెప్పేస్తున్నానని సంబరపడ్డాను. సెమిస్టరు చివర పేపర్లు దిద్దుతుంటే తెలిసింది: చెప్పింది రెట్టింపే, చేరింది సగం. నేను బోర్డు మీద సర్క్యూటు గీస్తుంటే వాళ్ళ చేతులూ గీసేవి. నేను ఒక గీత తప్పితే ఎవడో ఒకడు పట్టుకునేవాడు. గీసి పెట్టిన బొమ్మ తెర మీద పడితే ఇక చెయ్యడానికి ఏముంది, చూసి తలాడించడం తప్ప!

అసలు మలుపు ఇంటర్‌నెట్‌తో వచ్చింది. 2001 ఏప్రిల్‌లో ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని ప్రపంచానికి ఉచితంగా ఇస్తానని ప్రకటించి, 2002లో 50 కోర్సులతో ఓపెన్ కోర్స్‌వేర్ మొదలుపెట్టింది. 2003లో మన ఐఐటీలు ఏడూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ ప్రారంభించాయి. ఆ వీడియోలు యూట్యూబ్‌లోకి వచ్చాక, మారుమూల ఇంజనీరింగు కాలేజీలో సరైన మాస్టారు లేని పిల్లలకి కూడా ఐఐటీ మాస్టారు దొరికారు. 2014 నుంచి ఎన్‌పీటెల్ పరీక్ష పెట్టి సర్టిఫికెట్లు కూడా ఇస్తోంది. 2017లో వచ్చిన స్వయం వేదిక ద్వారా చదివిన కోర్సులని డిగ్రీలో కలుపుకునే వీలుంది.

2011 చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ మీద చెప్పిన ఆన్‌లైన్ కోర్సుకి సుమారు లక్షా 60 వేల మంది పేర్లు ఇచ్చారు. మరుసటి ఏడాది యుడాసిటీ, కోర్సెరా, ఎడెక్స్ మొదలయ్యాయి. ఇలాంటి కోర్సులకి "మూక్" అని పేరు. మన "మూక" ఇందులో ధ్వనించడం కాకతాళీయమే గాని అర్థానికి చక్కగా అతికింది. విశ్వవిద్యాలయాలు ఇక మూతపడతాయని ఆ రోజుల్లో పెద్ద పెద్దవాళ్ళే అన్నారు.

జరిగింది వేరు. 2012లో ఎంఐటీ తరఫున అనంత్ అగర్వాల్ బృందం చెప్పిన మొదటి కోర్సు నా సబ్జెక్టే: సర్క్యూట్లు, ఎలక్ట్రానిక్స్. చేరినవాళ్ళు సుమారు లక్షా 55 వేలు. చివరిదాకా ఉండి గట్టెక్కినవాళ్ళు 7,157. నూటికి అయిదుగురు కూడా కాదు. అయితే మరో వైపు నుంచి కూడా చూడాలి. నా ఉద్యోగ జీవితం మొత్తం కలిపినా నేను సర్క్యూట్లు నేర్పినవాళ్ళు ఏడు వేలు ఉండరు. తపన ఉండి, గడియారం చూసి కూర్చోగల మనిషికి మూక్ వరం. మొదటిసారి కాలేజీ గడప తొక్కి, తడబడుతున్న పిల్లవాడికి కాదు.

ఈ తేడా కాలిఫోర్నియాలోని శాన్ హొసే స్టేట్ యూనివర్సిటీలో స్పష్టంగా బయటపడింది. 2012 చివర్లో అక్కడ ఒక సర్క్యూట్ల తరగతి పిల్లలు ఎంఐటీ వీడియోలు ఇంటి దగ్గర చూసి వచ్చేవారు. తరగతిలో తమ మాస్టారి ఎదుట లెక్కలు చేసేవారు. అంతకు ముందు 60 శాతం లోపు ఉన్న ఉత్తీర్ణత 90 దాటింది. 2013 మొదట్లో అదే విశ్వవిద్యాలయం యుడాసిటీతో కలిసి లెక్కల కోర్సులు పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిపింది. ఉత్తీర్ణత బాగా తక్కువ రావడంతో జులైలో ఆ ప్రయోగానికి విరామం ప్రకటించారు. సబ్జెక్టులూ వేరు, పిల్లల నేపథ్యాలూ వేరు కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచలేం. కాని ఒకటి గమనించండి: మొదటి చోట వీడియో మాస్టారి సమయాన్ని ఖాళీ చేసింది, రెండో చోట మాస్టారినే ఖాళీ చేసింది.

సొంత బుర్ర పాలు

మా మేనకోడలు భీమవరంలో బీటెక్ చదువుతోంది. ఒక ఆదివారం ఫోన్ చేసి, "మామయ్యా, ఎన్‌పీటెల్ వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. తీరా కాగితం ముందు పెట్టుకుంటే చెయ్యి కదలదు. నాకు బుర్ర లేదంటావా?" అంది.

బుర్ర లేకపోవడం కాదు. అది మనందరికీ ఉన్న భ్రమ. నున్నగా సాగే పాఠం వింటుంటే మనకే వచ్చేసినట్టు ఉంటుంది, పక్కవాడు ఈత కొడుతుంటే చూసినట్టు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం తరగతుల మీద జరిపిన పరిశోధన ఒకటి 2019లో వెలువడింది. మంచి ఉపన్యాసం విన్న పిల్లలు తాము ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. తరగతిలో తంటాలు పడి లెక్కలు చేసిన పిల్లలు తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. పరీక్ష పెడితే ఎక్కువ వచ్చినది తంటాలు పడ్డవాళ్ళకే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించింది కూడా ఇలాంటిదే. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళ కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసినవాళ్ళకి వారం తరవాత ఎక్కువ గుర్తుంది. 2014లో ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజనీరింగు, లెక్కల కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలని కలిపి చూసింది. ఉపన్యాసం మాత్రమే ఉన్న తరగతుల్లో సుమారు 34 శాతం తప్పుతుంటే, పిల్లల చేత పని చేయించిన తరగతుల్లో తప్పినవాళ్ళు 22 శాతం.

అందుకని మా మేనకోడలికి చెప్పాను. "పది నిమిషాలకోసారి వీడియో ఆపు. మాస్టారు తరవాతి మెట్టు ఏం వేస్తారో నువ్వే కాగితం మీద వెయ్యి. తప్పైనా ఫరవాలేదు. ఆ తరవాత నడిపించు." గంట వీడియోకి మూడు గంటలు పడుతోందని రెండు వారాలు విసుక్కుంది. మూడో వారం విసుక్కోలేదు.

ఈ పాలులో కంప్యూటరు నిజంగా ఉపయోగపడ్డ చోటు ఒకటుంది: వెంటనే తప్పొప్పులు చెప్పడం. ఇది కూడా పాత ఆలోచనే. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ బృందం 1960లోనే ప్లేటో అనే కంప్యూటరు బోధనా వ్యవస్థని తయారుచేసింది. ఒకప్పుడు నేను సోమవారం తీసుకున్న హోంవర్కు మరుసటి సోమవారం తిరిగి ఇచ్చేవాణ్ణి. అప్పటికి ఆ తప్పు ఎందుకు చేశాడో ఆ పిల్లవాడికే గుర్తుండేది కాదు. ఇప్పుడు ఆన్‌లైన్ హోంవర్కులో ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకెలతో లెక్క వస్తుంది. జవాబు తప్పైతే క్షణంలో తెలుస్తుంది, మళ్ళీ ప్రయత్నించవచ్చు. నేను తెచ్చుకున్న యంత్రాలలో నిస్సందేహంగా నిలిచినది ఇదే.

ఒక్కరికి ఒక్క గురువు ఉంటే ఎంత తేడా ఉంటుందన్నది బెంజమిన్ బ్లూమ్ 1984లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో లెక్క కట్టాడు. అలా నేర్చుకున్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోయాడన్నాడు. తరవాతి పరిశోధనల్లో ఈ లాభం అంత పెద్దదిగా కనబడలేదు. కాని లాభం ఉందన్న మాట మీద తగువు లేదు. ప్రతి విద్యార్థికీ ఒక గురువుని ఎక్కడినుంచి తేవాలి? టెక్నాలజీ ఆశలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి.

తోటివారి పాలు

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ఒక సంగతి కనిపెట్టాడు. పెద్ద పెద్ద లెక్కలు చేసే తన విద్యార్థులే చిన్న మౌలికమైన ప్రశ్నకి తడబడుతున్నారు. అప్పటినుంచి తరగతి మధ్యలో ప్రశ్న వేసి, ఓటు వెయ్యమని, పక్కవాడితో వాదించుకోమని, మళ్ళీ ఓటు వెయ్యమనడం మొదలుపెట్టాడు. ఇలా పిల్లలని కదిలించే పద్ధతులకి, ఉత్త ఉపన్యాసానికి తేడా ఎంతో 1998లో రిచర్డ్ హేక్ కొలిచాడు. 62 కోర్సులు, ఆరు వేల పైచిలుకు విద్యార్థులు. లాభం ఇంచుమించు రెట్టింపు.

నేనూ క్లికర్లు కొనిపించాను. నా ప్రశ్న ఒకటి చెబుతాను, మీరూ ఆలోచించండి. ఒకే రకం బల్బులు రెండు, బ్యాటరీకి ఒకదాని వెనక ఒకటి కలిపి ఉన్నాయి. రెండో బల్బు రెండు కొసలనీ ఒక రాగి తీగతో కలిపేస్తే మొదటి బల్బు వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? మొదటి ఓటులో తరగతి మూడు ముక్కలవుతుంది. రెండు నిమిషాలు గది సంతలా ఉంటుంది. రెండో ఓటులో ఎక్కువమంది సరైన జవాబుకి వస్తారు. రెండో బల్బు ఆరిపోతుంది, దాని వంతు వోల్టేజి కూడా మొదటిదానికే దక్కుతుంది కనుక దాని వెలుగు పెరుగుతుంది. నేను పది నిమిషాలు చెప్పినా ఎక్కని మాట పక్కన కూర్చున్న స్నేహితుడు అరనిమిషంలో ఎక్కిస్తాడు. తను నిన్ననే అర్థం చేసుకున్నాడు కనుక ఎక్కడ కాలు జారుతుందో అతనికి గుర్తుంటుంది. నాకు గుర్తుండి నలభై ఏళ్ళయింది!

ఆ క్లికర్లు ఇప్పుడు బీరువాలో ఉన్నాయి. ఓట్లు సెల్‌ఫోన్‌లో వేస్తున్నారు. రంగు కాగితాలు ఎత్తి చూపించినా పని జరుగుతుంది. పని చేసినది వాదన, పరికరం కాదు.

ఈ పాలు విలువ 2020 మార్చిలో అందరికీ తెలిసొచ్చింది. కోవిడ్ వల్ల వారం పది రోజుల్లో నా తరగతి జూమ్‌లోకి మారింది. చేరవేత ఆగలేదు, అంతమటుకు టెక్నాలజీకి దణ్ణం పెట్టాలి. కాని నా ఎదుట నల్లని గళ్ళు, వాటి మీద పేర్లు. ఆ ఏడాది ఫాల్ సెమిస్టరులో వీసాలు అందక ఇండియాలోనే ఉండిపోయిన విద్యార్థులు ఉన్నారు. నా మధ్యాహ్నం మూడు గంటల క్లాసు వాళ్ళకి రాత్రి ఒకటిన్నర. ఇంట్లోవాళ్ళు నిద్రపోతుంటే మైకు తియ్యకుండా వినేవారు. ప్రశ్న ఉంటే టైపు చేసేవారు. వీడియోలన్నీ అందుబాటులో ఉన్నా, తెలివైన పిల్లలే ఇద్దరు సగంలో కోర్సు వదిలేశారు. ఏమైందని అడిగితే ఒక అమ్మాయి చెప్పింది. "అర్థం కానిది నా ఒక్కదానికేనేమో అనుకున్నాను సర్." తరగతి గదిలో అయితే పక్కవాడి ముఖం చూస్తే తెలిసిపోయేది, అది తన ఒక్కదానికే కాదని.

కాలం పాలు

నాలుగో పాలు గురించి తక్కువ చెప్పినా చాలు. చదివినది మరచిపోయి, మళ్ళీ తవ్వి తీసుకుంటేనే ఒంటబడుతుంది. రికార్డు చేసిన పాఠం ఇక్కడ రెండు వైపులా పదునున్న కత్తి. మూడు నెలల తరవాత వెనక్కి వెళ్ళి చూసుకునేవాడికి మేలు. "ఎలాగూ ఉంది కదా" అని వాయిదా వేసి, పరీక్ష ముందురోజు రాత్రి 14 పాఠాలు రెట్టింపు వేగంతో చూసేవాడికి కీడు. ఈ రెండో రకం వాళ్ళు నా తరగతిలో ఏటా ఉంటారు.

ఉద్యోగాలలో ఉన్న మనబోటివాళ్ళకి మాత్రం టెక్నాలజీ చేసిన అతి పెద్ద ఉపకారం ఈ పాలులోనే ఉంది. జార్జియా టెక్ 2014 జనవరిలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ ఇందుకు మంచి ఉదాహరణ. మొత్తం ట్యూషన్ ఏడు వేల డాలర్ల లోపే అని మొదలైంది. నాలుగు వందల లోపు విద్యార్థులతో మొదలై పది వేలు దాటింది. మూక్‌లో లేనిది ఇక్కడ ఏముంది? గడువులున్నాయి, దిద్దేవాళ్ళున్నాయి, డిగ్రీ ఉంది, అడిగితే పలికే మనుషులున్నారు. అక్కడే 2016లో అశోక్ గోయెల్ తన కోర్సులో విద్యార్థుల ప్రశ్నలకి జవాబులివ్వడానికి "జిల్ వాట్సన్" అనే ప్రోగ్రాముని పెట్టాడు. అది మనిషి కాదని చాలామంది పసిగట్టలేకపోయారు. రాబోయేదానికి అది నాంది.

నాలుగు పాళ్ళలోనూ చెయ్యి పెట్టిన యంత్రం

2022 నవంబరు 30న ఛాట్‌జీపీటీ వచ్చింది. అంతకు ముందు యంత్రాలన్నీ చదువులో ఏదో ఒక పాలుని ముట్టుకున్నాయి. ఇది గురువులా చెబుతుంది, తోటివాడిలా వాదిస్తుంది, అర్ధరాత్రి అడిగినా పలుకుతుంది. అంతేకాదు, విద్యార్థి సొంత బుర్రతో చెయ్యాల్సిన పాలుని కూడా తనే చేసిపెడతానంటుంది. చిక్కంతా అక్కడే.

2025లో వెలువడ్డ రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూడండి. టర్కీలో సుమారు వెయ్యి మంది హైస్కూలు పిల్లలకి లెక్కల అభ్యాసంలో జీపీటీ ఇచ్చారు. చేతిలో ఉన్నంతసేపూ వాళ్ళు 48 శాతం మెరుగ్గా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్ళ కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలచిన జీపీటీ వాడినవాళ్ళకి ఆ నష్టం దాదాపు లేదు. రెండోది హార్వర్డ్‌లో 194 మంది భౌతికశాస్త్రం విద్యార్థులతో చేసినది. జాగ్రత్తగా తయారుచేసిన కృత్రిమ మేధ ట్యూటరు దగ్గర నేర్చుకున్నవాళ్ళు, మంచి తరగతి గదిలో నేర్చుకున్నవాళ్ళ కంటే తక్కువ సమయంలో రెట్టింపుకి పైగా నేర్చుకున్నారు. జవాబు చేతికిస్తే చేటు, జవాబు దాకా నడిపిస్తే మేలు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. 2023 వసంతంలో, ల్యాబు రిపోర్టులు యంత్రం రాసినవా, మనిషి రాసినవా అని పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వాడాను. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక మాస్టర్స్ విద్యార్థి రిపోర్టు మీద పెద్ద ఎర్ర గుర్తు పడింది. ఫిర్యాదు కాగితం నింపి, సంతకం పెట్టబోయే ముందు అతన్ని పిలిచాను. మా విద్యార్థులతో నేను ఇంగ్లీషులోనే మాట్లాడతాను. అతను కాగితం చూసి తెల్లబోయి, "నేనే రాశానండీ, ఒట్టు" అన్నాడు తెలుగులో. అతని వీసా, అతని అప్పు, ఇంటి దగ్గర అతని మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు - అన్నీ ఆ కాగితం మీద ఉన్నాయని నాకప్పుడు తట్టింది.

బోర్డు దగ్గరికి పంపి ఆ సర్క్యూటు గీయమన్నాను. గీశాడు. ఈ కెపాసిటరు ఎందుకన్నాను. చెప్పాడు. తీసేస్తే ఏమవుతుందన్నాను. కాసేపు ఆలోచించి అదీ చెప్పాడు. రిపోర్టు నెల రోజులుగా ఎలా పెరుగుతూ వచ్చిందో పాత కాపీలు కూడా చూపించాడు. బడిలో నేర్పిన పద్ధతిగల ఇంగ్లీషు రాయడమే అతని నేరం. ఆ ఏడాదే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇది చూపించారు: ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలని ఏడు పరీక్షా సాధనాలకి ఇస్తే, సగటున 61 శాతం యంత్రం రాసినవేనని తీర్పిచ్చాయి. ఛాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ సంస్థే, తన పసిగట్టే సాధనం సరిగ్గా పనిచెయ్యడం లేదని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. నేను ఆ విద్యార్థికి క్షమాపణ చెప్పాను. ఫిర్యాదు కాగితం చింపేశాను.

అదే వారం ఏ గుర్తూ పడని మరో రిపోర్టు రాసిన విద్యార్థిని పిలిచి అవే మూడు ప్రశ్నలు అడిగాను. మొదటిదానికే నీళ్ళు నమిలాడు.

అప్పటినుంచి నా తరగతిలో వైవా పెట్టాను. మనం బీటెక్‌లో భయపడుతూ ఇచ్చిన వైవాయే. మనిషికి పది నిమిషాలు, చేతిలో సుద్దముక్క. ఇంటి దగ్గర ఛాట్‌జీపీటీని ఎంత అడిగినా నాకు అభ్యంతరం లేదు. నా ఎదుట మాత్రం నీ బుర్రే మాట్లాడాలి.

లెక్క ఎక్కడ తేలుతుంది

నా తరగతిలో 64 మంది. మనిషికి పది నిమిషాలంటే 640 నిమిషాలు, దగ్గర దగ్గర పదకొండు గంటలు. సెమిస్టరుకి రెండుసార్లంటే 21 గంటల పైమాట. ఈ సమయం ఎక్కడినుంచి వచ్చింది? వారానికి ఒక ఉపన్యాసాన్ని వీడియోగా మార్చడం వల్ల, హోంవర్కు యంత్రం దిద్దడం వల్ల వచ్చింది. చేరవేతలో యంత్రం మిగిల్చిన గంటలని తీసుకెళ్ళి సంభాషణలో పెట్టాను. టెక్నాలజీ వల్ల విశ్వవిద్యాలయానికి జరగగల అసలు మేలు ఇదీ అని నా నమ్మకం.

కాని మిగిలిన గంటలని మరోలా కూడా ఖర్చు పెట్టవచ్చు. "మీ పాఠాలు వీడియోలో ఉన్నాయిగా, వచ్చే ఏడాది 150 మందిని తీసుకోకూడదూ?" అని మా పై అధికారులు అడిగారు. 150 మందికి ఒక్క విడత వైవాకే 25 గంటలు. అంటే వైవా ఉండదు. మళ్ళీ మా మాస్టారి పసుపుపచ్చ నోట్సే, కాకపోతే వీడియో రూపంలో. నేను ఒప్పుకోలేదు. ఈ ఏటికి 80 దగ్గర రాజీ పడ్డాం. వచ్చే ఏడు ఏమవుతుందో చెప్పలేను.

ఉగాది నాటి మిత్రుడికి ఇప్పుడు జవాబు చెప్పగలను. పాఠం వినడానికి మీరు 40 వేలు కడుతున్నట్టయితే ఆ డబ్బు దండగే. పాఠం ఊరికే దొరుకుతుంది. మీరు కడుతున్నది మిగిలిన వాటికి. అవి నిజంగా అందుతున్నాయా లేదా అన్నది అమ్మాయినే అడిగి తెలుసుకోండి. ఈ నెలలో ఏ ప్రొఫెసరైనా నీ పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడిగాడా? నువ్వు చేసిన పని ఒక మనిషి చూసి, ఎక్కడ తప్పిందో చెప్పాడా? నీతో కూర్చుని లెక్కలు చేసే స్నేహితులు ఇద్దరైనా ఉన్నారా? ఛాట్‌జీపీటీని జవాబు అడుగుతున్నావా, దారి అడుగుతున్నావా? మొదటి మూడింటికీ "లేదు" అని వస్తే, ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళమని చెప్పండి. నా ఆఫీసు తలుపు వారానికి నాలుగు గంటలు తెరిచే ఉంటుంది. సగం గంటలు ఎవరూ రారు.

గుంటూరు కుర్రాడు కిందటి ఏడాది పట్టా పుచ్చుకున్నాడు. చివరి రోజున వచ్చి, "ఆవేళ బోర్డు దగ్గరికి పంపకుండా సంతకం పెట్టేసి ఉంటే ఏమయ్యేవాణ్ణి సర్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ బోర్డు మాత్రం ఇంకా నా గదిలోనే ఉంది. సుద్దముక్కలు నేనే కొని తెచ్చుకుంటున్నాను.